ఔటర్‌లో ఆగే రైలు, పదో నంబరుకి పరిగెత్తే జనం

చెన్నై వైపు నుంచి బెజవాడ వచ్చేవాళ్లకి ఇది అలవాటే. కృష్ణా కెనాల్ దాటి రైలు వంతెన ఎక్కగానే సీట్ల కింద నుంచి సామాన్లు బయటికొస్తాయి, దుర్గమ్మ కొండ కనపడేసరికి సగం బోగీ తలుపు దగ్గరే ఉంటుంది, సరిగ్గా అప్పుడే రైలు ఆగిపోతుంది. ఔటర్! ప్లాట్‌ఫారం ఖాళీ లేక స్టేషన్ బయట సిగ్నల్ దగ్గర ఆగడమన్నమాట. ఎంతసేపో ఎవరికీ తెలీదు.

ప్లాట్‌ఫారాలు పెంచితే ఈ బాధ పోతుందంటారు. ఇప్పుడు పది ఉన్నాయి. ఇంకోటి కట్టినా మంచిదే, కానీ ఒకపక్క వన్‌టౌన్, ఇంకోపక్క గాంధీనగర్ స్టేషన్‌ని ఆనుకునే ఉన్నాయి, చోటెక్కడిది? అందుకే ఉన్న పదింటినీ ఎలా వాడుతున్నామో ముందు చూడాలంటాను.

ఖాజీపేట లైను, విశాఖ లైను రెండూ స్టేషన్‌కి ఉత్తరం వైపే కలుస్తాయి. అంటే వరంగల్ మీదుగా వచ్చి విశాఖ వెళ్లాల్సిన రైలు బెజవాడలో వెనక్కి తిరగాలి. ఇంజిన్ విప్పి అటు చివర తగిలించాలి, బ్రేకులు పరీక్షించాలి, అంతసేపూ ఆ ప్లాట్‌ఫారం ఇంకో రైలుకి దక్కదు. బయల్దేరాక మళ్లీ అదే ఉత్తరం వైపు పట్టాలు దాటుకుంటూ వెళ్లాలి, అప్పుడు ఎదురొచ్చేవి ఆగాలి. ఖాజీపేట వైపున్న రాయనపాడు స్టేషన్‌కీ, విశాఖ వైపున్న గుణదల స్టేషన్‌కీ మధ్య, బెజవాడ స్టేషన్‌లోకి రాకుండా వెళ్లే బైపాస్ లైను ఉన్నది ఇందుకే. దూరప్రాంత రైళ్లని, ముఖ్యంగా బెజవాడలో దిగేవాళ్లు తక్కువగా ఉండేవాటిని, ఇంకా ఎక్కువగా అటు మళ్లించాలి.

కానీ అర్ధరాత్రి రాయనపాడులో దిగిన కుటుంబం ఊళ్లోకి ఎలా రావాలి? బస్సు లేకుండా రైలు మళ్లిస్తే భారం మొత్తం ప్రయాణికుడి మీదే పడుతుంది. పైగా 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు ఆ స్టేషనే నీళ్లలో మునిగింది. ముందు దాన్ని గట్టిచేయాలి.

ఇంకో మాట, ఏ దిక్కు రైళ్లకి ఏ ప్లాట్‌ఫారాలో వీలైనంతవరకు ఖాయం చేయాలి. చివరి నిమిషంలో నంబరు మారిందని అనౌన్స్‌మెంట్ వస్తే మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ, చంకలో పిల్లతో ఉన్న తల్లి మెట్లెక్కి దిగి పరిగెత్తాలి, ఆ టెన్షన్‌లో ఎవరైనా జారిపడితే? ఇది ఖర్చుతో కాదు, క్రమశిక్షణతో అయ్యే పని.

2016 కృష్ణా పుష్కరాలకి చుట్టుపక్కల చిన్న స్టేషన్లని బాగానే వాడుకున్నారు. మళ్లీ పుష్కరాలు 2028లో. అప్పటిదాకా ఆగకుండా రాయనపాడు, గుణదల నుంచి రాత్రిపూట కూడా సిటీ బస్సులు ఇప్పుడే నడపండి.