ఖాళీ కొండలట!

మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో ఇందాక నా మెసేజ్ డిలీట్ చేశారు. "రాజకీయాలు వద్దు సిస్టర్" అట. ఎలక్షన్లప్పుడు పొద్దున్నే బైబిలు వాక్యంతో పాటు ఏ గుర్తుకు వెయ్యాలో కూడా పంపే పెద్దమనిషి ఈ మాట అంటున్నారు!

ఇంతకీ నేనన్నదేంటి? ఆయన పరిశుద్ధ భూమి యాత్రకెళ్ళి, ఏసీ బస్సు కిటికీలోంచి ఇజ్రాయెల్‌లోని గలిలయ కొండల్ని వీడియో తీసి, "ఎవరూ లేని ఖాళీ నేలను దేవుడు తోట చేశాడు" అని పెట్టారు. కింద వరసగా ఆమెన్లు. "అంకుల్, ఆ కొండల్లోనే ఇక్రిత్ అని ఒక ఊరుండేది, వాళ్ళూ క్రైస్తవులే" అన్నాను. అంతే.

అరబ్బులంటే ముస్లింలే అనుకునేవాళ్ళకి ఏం చెబుతాం? ఇక్రిత్ వాళ్ళు అరబ్బులే, కానీ గ్రీకు కాథలిక్కు క్రైస్తవులు. 1948 అక్టోబర్ చివర్లో ఇజ్రాయెల్ సైన్యం వస్తే పోరాడకుండానే లొంగిపోయారు. సరిహద్దు దగ్గర ప్రమాదమని, రెండు వారాలు రామా అనే ఊళ్ళో ఉండి రమ్మన్నారు. నమ్మి వెళ్ళారు పాపం, మళ్ళీ రానివ్వలేదు. 1951 జూలైలో ఆ దేశం సుప్రీంకోర్టే వాళ్ళని తిరిగి వెళ్ళనివ్వమంది. అదే ఏడాది క్రిస్మస్‌కి సైన్యం ఇళ్ళన్నీ పేల్చేసింది. క్రిస్మస్‌కండీ! ఇక్కడ మనం స్టార్లు కట్టుకునే రోజు. చర్చి ఒక్కటే మిగిలింది. ఆ కొండల్లోనే కఫ్ర్ బిర్‌ఇమ్ అని మారోనైట్ క్రైస్తవుల ఊరు. దాన్ని 1953లో విమానాలతో బాంబులేసి కూల్చారు. ఇప్పుడది నేషనల్ పార్కు. పాతకాలపు యూదుల సమాజమందిరం ముందు అందరూ ఫొటోలు దిగుతారు, పక్కన మొండిగోడలు ఎవరివని ఒక్కరూ అడగరు.

బైబిల్లో పేతురు పక్షవాతంతో పడి ఉన్న ఐనెయను లేపిన లుద్ద అనే ఊరి కథ కంఠతా వచ్చు మనకి. 1948 జూలై ఎండలో అదే లుద్ద నుంచి ఇజ్రాయెల్ సైన్యం వేలమంది అరబ్బుల్ని నడిపించి తరిమేసిందంటే మాత్రం అది రాజకీయం. అహాబు రాజు లాక్కున్న నాబోతు ద్రాక్షతోట మీద గంటసేపు ప్రసంగాలు, మళ్ళీ అహాబు వైపే ఆమెన్లు!

ఇక్రిత్ వాళ్ళని బతికుండగా కాపురానికి రానివ్వరు గానీ, చచ్చిపోతే ఆ ఊరి సమాధుల్లోనే పాతిపెట్టుకోనిస్తారు. సమాధులంటే గుర్తొచ్చింది. మా అమ్మమ్మ పోయినప్పుడు ఇదే పెద్దమనిషి, "మీవాళ్ళది కాలవ గట్టు వైపు కదమ్మా" అన్నారు. మీవాళ్ళట! ఒకే బల్ల దగ్గర రొట్టె తింటాం, ఒకే కానుక పెట్టెలో డబ్బులేస్తాం, పాతిపెట్టే చోట మాత్రం మధ్యలో గోడ. వానాకాలం కాలవ పొంగితే మావైపు సిలువలు ఒరిగిపోతాయి. మట్టి తోలించమని ఎన్నిసార్లు అడిగినా కమిటీకి ఫండ్స్ ఉండవు. గోడకి రంగులెయ్యడానికి మాత్రం ఉంటాయి.

ఆదివారం ఆయన వచ్చి సాక్ష్యం చెప్పి, యొర్దాను నీళ్ళు పంచుతారట. గోడకి ఏ వైపు వాళ్ళకి పంచుతారో అది కూడా గ్రూపులో పెట్టమనండి.