ఆ వల ఊరికే లేదు

పెద్దయ్యాక మెదడు తేలిగ్గా మారకపోవడానికి న్యూరాన్ల (నాడీ కణాల) చుట్టూ ఉండే ప్రోటియోగ్లైకాన్ల (చక్కెర గొలుసులు అతికిన ప్రోటీన్ల) వలే కారణమని, దాన్ని కరిగిస్తే చాలని మీరు ప్రచురించిన వ్యాసంలో రాశారు. అందులో సగమే నిజం. 2002లో ఎదిగిన ఎలుకల మెదడులో చూపును గ్రహించే భాగమైన దృష్టి కార్టెక్స్‌లో కాండ్రాయిటినేస్ అనే ఎంజైముతో ఈ వలలోని చక్కెర గొలుసులను తెంచితే, బాల్యంతోనే పోయిందనుకున్న మారే గుణం తిరిగొచ్చిన మాట వాస్తవమే. కానీ ఆ వల ఎక్కువగా చుట్టుకునేది పార్వాల్బుమిన్ అనే ప్రోటీన్ ఉండే నిరోధక న్యూరాన్లను, అంటే ఇతర కణాల చురుకును అదుపు చేసేవాటిని. క్షణం తీరిక లేకుండా చాలా వేగంగా సంకేతాలు పంపే కణాలవి. ఆక్సిడేటివ్ ఒత్తిడి (కణంలో పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువుల వల్ల కలిగే హాని) నుంచి వాటిని కాపాడేదీ ఈ వలే. మోకాలి మృదులాస్థికి బలమిచ్చే అగ్రెకానే ఇక్కడా ముఖ్యమైన ప్రోటీన్ అని తెలిసినప్పుడు నాకు ఎంత ఆశ్చర్యం వేసిందో! 2009లో చిట్టెలుకల మెదడులో భయాన్ని నమోదు చేసే అమిగ్డలాలో వలను ముందే తీసేసి భయం నేర్పిస్తే, ఆ భయాన్ని తర్వాత చెరిపేయడం వీలైంది. అంటే జ్ఞాపకం గట్టిగా నిలవడంలోనూ దీని పాత్ర ఉంది. మరి ఏ జ్ఞాపకం పోవాలో, ఏది ఉండాలో ఎంజైముకు ఎలా తెలుస్తుంది? ఈ ఎంజైముతో తమవాళ్ల నరాలూ బాగుపడతాయేమోనని వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల కుటుంబాలు ఇలాంటి వార్తలను ఎంతో ఆశగా చదువుతాయి. ఇవన్నీ జంతువులపై చేసిన ప్రయోగాలని దయచేసి వ్యాసంలో మొదటి పేరాలోనే చేర్చండి.