మన పొట్టలకు పోటీ వచ్చింది

వైద్య విద్యకు రోగి చేసిన సేవను ఎవరూ గుర్తించకముందే, ఆ సేవ చేసే భాగ్యాన్ని కూడా లాగేసుకుంటున్నారు. కీహోల్ సర్జరీ నేర్చుకునే జూనియర్లు ఇకపై ముందుగా వీఆర్ (వర్చువల్ రియాలిటీ) సిమ్యులేటర్‌లోని, అంటే కంప్యూటర్ సృష్టించిన ఉత్తుత్తి పొట్ట మీద సాధన చేసి, చెయ్యి తిరిగాకే మన దగ్గరికి రావాలట.

ఇంతకాలం ఎంత చక్కటి పద్ధతి! ఒక ఆపరేషన్ చూడు, ఒకటి చెయ్యి, ఒకరికి నేర్పు. ఆ మధ్యలో ఉన్న 'ఒకటి' ఎవరో ఒక మనిషన్న సంగతి సిలబస్‌లో లేదు.

కీహోల్ సర్జరీ అంటే పొట్టలో కార్బన్ డయాక్సైడ్ నింపి, చిన్న రంధ్రాల్లోంచి పొడవాటి పరికరాలు దూర్చి, తెర వైపు చూస్తూ పని చేయాలి. రంధ్రం దగ్గర పరికరం ఇరుసు మీద ఉన్నట్టు తిరుగుతుంది కాబట్టి చెయ్యి కుడికి జరిపితే కొన ఎడమకు పోతుంది. తెర మీద లోతు సరిగ్గా తెలియదు. ఇదంతా అలవాటయ్యేదాకా ఎవరికైనా తడబాటు తప్పదు. ఆ తడబాటేదో నిజమైన లివర్ పక్కన పడితేనే కదా టెన్షన్, టెన్షన్ ఉంటేనే కదా చదువు!

యేల్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ వాదననూ చెడగొట్టారు. 16 మంది ట్రైనీల్లో సగంమందికి వీఆర్ శిక్షణ ఇచ్చి, అసలు ఆపరేషన్లో అందరినీ గమనించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. శిక్షణ పొందినవాళ్లు పిత్తాశయాన్ని 29 శాతం వేగంగా విడదీశారు. మిగతావాళ్లు దాన్ని గాయపరిచే, లేదా కాల్చకూడని చోట కాల్చే అవకాశం ఐదు రెట్లు ఎక్కువని తేలింది. ఆ ఐదు రెట్ల అనుభవం పోగొట్టుకున్నవాళ్ల గురించి ఒక్కరూ బాధపడలేదు.

'శతమారీ భవేద్వైద్యః' అన్నారు, వందమందిని చంపితేగానీ వైద్యుడు కాడని. ఈ కాలపు ట్రైనీ ఆ వందా యంత్రంలోనే పూర్తిచేసి, రీసెట్ నొక్కి ఇంటికి పోతున్నాడు.

అసలు బాధ పెద్దలది. ఈ యంత్రం పట్టిన సమయాన్నీ, చేసిన పొరపాట్లనూ, చెయ్యి అనవసరంగా తిరిగిన దూరాన్నీ లెక్కగట్టి మార్కులేస్తుంది, హోదా అడగదు. నిన్నగాక మొన్న చేరిన అమ్మాయికి ప్రొఫెసర్ గారికంటే ఎక్కువొస్తే? అందుకే ఆయన "చేతికి స్పర్శ తెలియదయ్యా" అంటారు. (చాలా యంత్రాల విషయంలో ఇది నిజమే, ఆ మార్కు ఆయనకు వేయాల్సిందే.) స్పర్శ కావాలంటే, పెట్టెలో కెమెరా అమర్చిన బాక్స్ ట్రైనర్ తక్కువ ఖర్చులో దొరుకుతుంది, మొదటి పాఠాలకు చక్కగా సరిపోతుంది. కానీ పెట్టెకు రిబ్బన్ కట్ చేస్తే ఫొటో బాగా రాదు. అందుకని ఖరీదైన యంత్రమే కొంటారు, గదికి తాళం వేస్తారు.

సంప్రదాయాన్ని కాపాడుకోవడానికి ఒక సవరణ చాలు. ఆపరేషన్ ఒప్పంద పత్రంలో "ఈ డాక్టరు గారి చేతికి నేనే తొలి పొట్టను, సంతోషంగా సమ్మతిస్తున్నాను" అని ఒక వాక్యం చేర్చాలి. తొలి సంతకాలు ఆ గది తాళంచెవి ఉన్నవాళ్లవి, వాళ్ల కుటుంబ సభ్యులవి.