నరాల డాక్టరు దగ్గరికి నాలుగేళ్ల దారి

నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర పల్లెలో ఉండే మా మేనత్త ఇంట్లో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో ఆరు ఈసీజీలు, రెండు ఎకో రిపోర్టులు, ఒక ఎండోస్కోపీ కాగితం, లెక్కపెట్టలేనన్ని మందుల చీటీలు ఉన్నాయి. గుండె దడ, అరికాళ్ల మంట, తల దిమ్ము, నిద్ర పట్టకపోవడం అని చెప్పుకుంటూ ఆమె నాలుగేళ్లు తిరిగింది. ఊళ్లో ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని బలానికి సూదులు వేశాడు. పట్టణంలో ఒక డాక్టరు గ్యాస్ అన్నారు, మరొకరు గుండెకు ఏమీ లేదని చెప్పి పంపించారు. గాలి సోకిందేమోనని ఇంటి పెద్దలు ఏఎస్ పేట దర్గాకు తీసుకుపోయి మూడు రాత్రులు నిద్ర చేయించారు. వీళ్లెవరూ ఆమెకు కీడు తలపెట్టలేదు. అయితే ఆమెను కూర్చోబెట్టి మొదటి నుంచీ అడిగినవారు ఒక్కరూ లేరు.

మానసిక ఆరోగ్యం మాట వచ్చినప్పుడల్లా మన జిల్లాల్లో జనానికి అవగాహన లేదని అంటుంటారు. ఆ మాట తప్పును రోగి మీదికి నెడుతుందని నా అభిప్రాయం. మా అత్త వైద్యం వద్దనలేదు, బర్రెను అమ్మి మరీ చేయించుకుంది. ఆమె ఎక్కిన గడపల్లో ఏ ఒక్క చోటైనా 'ఒకసారి మానసిక వైద్యుడికి చూపించండి' అని చెప్పి ఉంటే దారి మారేది. ఆ మాట చెబితే 'నాకేమన్నా పిచ్చా?' అని రోగి కోప్పడతారనీ, మళ్లీ రారనీ డాక్టర్లు వెనుకాడతారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. చికిత్స అందనివారిలో ఏ ఆస్పత్రి గడపా తొక్కనివారు ఎందరో, మా అత్తలాగా అన్ని గడపలూ తొక్కి అసలు గడప దాకా రాలేకపోయినవారు ఎందరో ఆలోచించవలసిన విషయం.

చివరికి నెల్లూరులో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి నేనే వెంట తీసుకువెళ్లాను. మన వైపు ఆయన్ని 'నరాల డాక్టరు' అనే అంటారు, బోర్డు మీద కూడా న్యూరో సైకియాట్రిస్టు అని ఉంటుంది. ఆ పేరు మీద నాకు పట్టింపు లేదు, మనిషిని లోపలికి తీసుకువచ్చే మాట ఏదైనా మంచిదే. ఆయన ముందు నన్ను మాట్లాడనిచ్చి, తర్వాత అత్తను ఒంటరిగా అడిగి, మళ్లీ ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టారు. తెల్లవారుజామున ఎన్ని గంటలకు మెలకువ వస్తోందో, పొద్దున బరువుగా ఉంటుందో సాయంత్రమో, ఆకలి ఎప్పటి నుంచి తగ్గిందో అడిగారు. ఇంట్లో ఇదివరకు ఎవరికైనా ఇలా ఉండేదా అని, తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగారు. 'అమ్మా, అన్నిటికన్నా ముందు ఏ పని మానేశావు?' అన్నప్పుడు ఆమె చాలాసేపు ఆలోచించి, 'బర్రె దగ్గరికి పోవడం మానేశాను నాయనా' అంది. బర్రెను అమ్మింది ఆస్పత్రి ఖర్చులకనే ఇంట్లో అందరం అనుకున్నాం. దాని మొహం చూడబుద్ధి కాకపోవడం అంతకు ఏడాది ముందే మొదలైందని ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత ఆయన గొంతు పెంచకుండా, తగ్గించకుండా, 'చచ్చిపోదామని అనిపిస్తోందా?' అని అడిగారు. నాకు ఒళ్లు జలదరించింది, లేనిపోని ఆలోచన పుట్టిస్తున్నారేమోనని భయం వేసింది. ఆమె 'రోజూ అనిపిస్తుంది' అంది. నాలుగేళ్లుగా రోజూ అనిపిస్తున్న మాటను ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు గనుక. అలా సూటిగా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదని, అడిగినవారి ముందు మనిషికి భారం దిగుతుందని మానసిక వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. ఆ గదిలో నేను దాన్ని కళ్లారా చూశాను.

మానసిక వైద్య పరీక్ష అంటే చాలావరకు ఇదే. రక్తంలో పట్టుబడే జబ్బు కాదు గనుక వైద్యుడు మనిషి చెప్పేదాన్ని, చెప్పే తీరును, దగ్గరివాళ్లు గమనించినదాన్ని కలిపి చూస్తారు. అయినా రక్త పరీక్షలు రాస్తారు. థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా, రక్తహీనత ఉన్నా దిగులుగా, నీరసంగా ఉండవచ్చు. ముసలివాళ్లు హఠాత్తుగా తికమకగా మాట్లాడితే ఒంట్లో సోడియం పడిపోవడం కారణం కావచ్చు. అంటే ఈ పరీక్ష జరిగినప్పుడు మానసిక జబ్బు లేదని తేలే అవకాశం కూడా ఉంటుంది, అదీ రోగికి మేలే. ఫోన్‌లో డిప్రెషన్ ప్రశ్నపత్రాలు కనిపిస్తాయి, వాటిలో పీహెచ్‌క్యూ-9 గడిచిన రెండు వారాల మీద 9 ప్రశ్నలు అడిగి 27కి మార్కులు వేస్తుంది. డాక్టరును కలవాలా వద్దా అన్నది తెలుసుకోవడానికి అవి పనికివస్తాయి, జబ్బును నిర్ధారించడానికి చాలవు. ఎవరి దగ్గరికి వెళ్లాలన్నదీ తెలిసి ఉండాలి. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యం చదివి మందులు రాసే వైద్యుడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, పరీక్షలు చేసి మాటల ద్వారా చికిత్స చేస్తారు, భారత పునరావాస మండలిలో వారి పేరు నమోదై ఉండాలి. వారాంతపు కోర్సు చేసి కౌన్సెలర్ అని బోర్డు పెట్టినవారితో మొదటి నిర్ధారణ చేయించుకోకూడదు.

మందులకు అలవాటు పడిపోతారన్న భయం సగం నిజం, అందుకే దాన్ని కొట్టిపారేయడం కష్టం. అలవాటు పడేది ఎక్కువగా ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే అల్ప్రజోలం లాంటి మాత్రలకు. వాటిని చీటీ లేకుండా మెడికల్ షాపులో తెచ్చుకుని ఏళ్ల తరబడి వాడే ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. డిప్రెషన్‌కు ఇచ్చే మందులు ఆ రకం కావు. పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, డాక్టరు చెప్పకుండా ఉన్నట్టుండి ఆపితే ఇబ్బంది పెడతాయి. మా అత్త పది రోజులకే 'గుణం లేదు' అని ఆపేయబోతే ఈ సంగతి ముందే తెలిసి ఉండడం వల్ల మందు మానకుండా చూడగలిగాను.

పిచ్చి అన్న ముద్ర పడుతుందన్న భయం ఇంకా పెద్దది, ఆడపిల్లల ఇళ్లలో మరీ పెద్దది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 దీనికి గట్టి సమాధానమే ఇచ్చింది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. గతంలో చికిత్స తీసుకున్నంత మాత్రాన ఇప్పుడు జబ్బు ఉందని నిర్ణయించకూడదు. జబ్బు ఉన్నంత మాత్రాన మతి స్థిమితం లేనివారని అనడానికి వీల్లేదు, అది కోర్టు తేల్చవలసిన విషయం. ప్రభుత్వ ఖర్చుతో నడిచే చోట మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు. ఈ మాటలు తెలుగులో ప్రతి ఆస్పత్రి ఓపీ గోడ మీద ఉండాలి.

ఏఎస్ పేట గురించి కూడా చెప్పాలి. అక్కడికి వెళ్లేవారిని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. అన్ని మతాలవాళ్లూ వెళతారు, మా అత్తకు ఆ మూడు రాత్రులు కొంత ఊరట దొరికిన మాట నిజం. అయితే నమ్మకం ఒక్కటే చాలదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న దర్గా సమీపంలోని ఒక ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది రోగులు మంటల్లో చనిపోయారు. రోగిని గొలుసుతో కట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది. మరోవైపు గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర దర్గా సేవకులైన ముజావర్లే రోగులను అక్కడి మానసిక వైద్యుల దగ్గరికి పంపే ఏర్పాటు నడిచింది. దాన్ని 'దవా, దువా' అన్నారు, మందూ ప్రార్థనా పక్కపక్కనే. జనం నమ్మి వచ్చే చోటనే వైద్యుడు కూర్చోవడం కంటే సులువైన దారి నాకు కనిపించడం లేదు. ఏఎస్ పేటలో అది ఎందుకు చేయకూడదు?

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లోనే మొదలైంది. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్‌లో 14416 నంబరుకు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడవచ్చు, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నవారు రేపటి దాకా ఆగకుండా ఆ నంబరుకు చేయాలి. అయితే ఎదురుగా కూర్చుని చేసే పరీక్షకు ఫోన్ సాటి రాదు. ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్ల దరిదాపు. రోగి కూలి, తోడు వచ్చేవారి కూలి పోగొట్టుకుని, ఓపీ మూసేలోపు చేరుకుంటే, రద్దీలో దొరికేది ఐదు నిమిషాలు. బర్రె సంగతి ఐదు నిమిషాల్లో బయటికి రాదు. ఉదయగిరికో, ఆత్మకూరుకో, ప్రకాశంలో దర్శికో వారానికి ఒక రోజు మానసిక వైద్యుడు వచ్చి, కొత్త రోగికి కనీసం అరగంట కేటాయించాలి. ఆ రోజు ఏదో ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు, ఆర్‌ఎంపీలకు కూడా ముందే తెలియాలి, ఎందుకంటే మా అత్త మొదట వెళ్లింది వాళ్ల దగ్గరికే.