కర్ఫ్యూకు ముహూర్తమా?

కొవిడ్ కట్టడికంటూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన రాత్రి కర్ఫ్యూ ఎట్టకేలకు 2022 జనవరి 18, మంగళవారం నుంచి అమల్లోకి వచ్చింది. రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా ఎవరూ రోడ్డెక్కకూడదన్నారు. ఈ నెల 10న జరిగిన సమీక్షలోనే దీన్ని ఖాయం చేశారు. మర్నాడే మాట మారింది. పండక్కి సొంతూళ్లకు వచ్చేవాళ్లు ఇబ్బంది పడతారట, అందుకని సంక్రాంతి వెళ్లాక 18 నుంచి పెడతామన్నారు. ఊళ్లకు ఊళ్లు కదిలే వారమంతా కట్టడి లేదు. వచ్చినవాళ్లు వచ్చి, చుట్టాలందరినీ చూసి, బస్సుల్లో నిలబడి తిరిగి వెళ్లిపోయాక కట్టడి మొదలైంది. ఈ నెల మొదటి మూడు రోజుల్లో రాష్ట్రం మొత్తమ్మీద రోజుకు 200 లోపే ఉన్న కేసులు 19న, బుధవారం 10 వేలు దాటిపోయాయి.

కర్ఫ్యూ ఉంటే ఇవన్నీ ఆగేవని మేమనడం లేదు. జనవరి చలిలో రాత్రి పదకొండు తర్వాత నెల్లూరు ట్రంకు రోడ్డు మీద తిరిగేదెవరు? ఒంగోలు కర్నూలు రోడ్డులో ఆ వేళకు తెరిచి ఉండే దుకాణాలెన్ని? కిటకిటలాడేది పగలు. చిన్నబజారులో, సంతపేటలో, ఆర్టీసీ బస్టాండులో. నిద్రపోయే వేళకు కర్ఫ్యూ పెట్టి, మేలుకున్న వేళను గాలికొదిలేస్తే ఫలితం ఎంత ఉంటుందో లెక్కలు కట్టి చెప్పక్కర్లేదు. అయినా మా అసలు అభ్యంతరం కర్ఫ్యూ వేళల గురించి కాదు, దాన్ని వాయిదా వేసిన తీరు గురించి. ప్రజారోగ్యం కోసం అంటూ తెచ్చిన నిబంధన పండగ చూసి పక్కకు జరుగుతుందని ప్రభుత్వమే చూపించింది. ఇక దాన్ని నమ్మేదెవరు?

రెండేళ్లుగా పండగ బేరాల్లేక వ్యాపారులు నలిగిపోయారని, కొత్తగా వచ్చిన ఒమిక్రాన్ రకం వెనకటి డెల్టా అంత ప్రాణాంతకం కాదని, జనం ఇంకో లాక్‌డౌన్ భరించలేరని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. లాక్‌డౌన్ కావాలని మేమూ అడగడం లేదు. ఒక నిబంధన పెడితే దాన్ని అందరికీ ఒకేలా పెట్టమంటున్నాం. అది చేతగాకపోతే అసలు పెట్టొద్దంటున్నాం.

తడ దాటితే తమిళనాడు. అక్కడ జనవరి 6వ తేదీ నుంచే రాత్రి కర్ఫ్యూ పెట్టారు. 9న ఆదివారం పూర్తి లాక్‌డౌన్ పెట్టారు. పొంగల్ రోజులని కూడా చూడకుండా 14 నుంచి 18 వరకు గుళ్లు, మసీదులు, చర్చిలకు భక్తులను రానివ్వలేదు. వాళ్లకు పండగ లేదా? చెన్నైకీ మనకూ మధ్య ఉన్నది ఒక హైవే, కొన్ని లోకల్ రైళ్లు. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు నుంచి రోజూ వెళ్లొచ్చేవాళ్లు వేలల్లో ఉంటారు. 2020 మే నెలలో చెన్నైలోని కోయంబేడు కూరగాయల మార్కెట్ నుంచి వైరస్ సూళ్లూరుపేటకు ఎలా వచ్చిందో నెల్లూరు జిల్లా మర్చిపోలేదు. రాష్ట్రంలో తొలి కేసు కూడా మన దగ్గరే, 2020 మార్చి 12న. ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి పాజిటివ్ వస్తే నెల్లూరులో సినిమా హాళ్లు మూసేశారు. అప్పుడు ఒక్క కేసుకు ఉన్న భయం, ఇప్పుడు పది వేల కేసులకు లేకుండా పోయింది.

భయం పోవడానికి కారణం జనమే అంటారు అధికారులు. మాస్కు పెట్టుకోరు, దూరం పాటించరు అంటారు. నిజమే, టీ బంకు దగ్గర చూస్తే పది గడ్డాల కింద పది మాస్కులు. షాపింగ్ మాల్ గుమ్మంలో 'నో మాస్క్ నో ఎంట్రీ' బోర్డు, దాని పక్కనే మాస్కు లేని సెక్యూరిటీ గార్డు. కానీ ఈ నిర్లక్ష్యం ఎక్కడ నేర్చుకున్నారు? నాట్లకు వెళ్లే ఆడవాళ్లు పదిమంది ఒక ఆటోలో ఇరుక్కుని కూర్చుంటే కానిస్టేబుల్ ఆపి తలా వంద రూపాయల చలానా రాస్తాడు. వాళ్ల కూలిలో నుంచి పోయే వంద అది. అదే రోడ్డు మీద నాయకుడి కారు వెనక యాభై బైకులు హారన్లు కొట్టుకుంటూ పోతాయి. సందు మొదట్లో గజమాల, చివర్లో సెల్ఫీలు. ఆ కానిస్టేబులే దారి క్లియర్ చేస్తాడు. బహిరంగంగా 200 మంది, లోపలైతే 100 మంది అన్న పరిమితి పెళ్లివాళ్లకు గుర్తు చేస్తారు. ప్రారంభోత్సవాలకు, పుట్టినరోజు కేకులకు, పార్టీలో చేరికల సభలకు దాన్ని ఎవరూ గుర్తు చేయరు.

ఇది ఈ ఒక్క ప్రభుత్వం పాపమో, ఒక్క పార్టీ పాపమో కాదు. 2020 సెప్టెంబరులో తిరుపతి ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు కొవిడ్‌కు చికిత్స పొందుతూ గుండెపోటుతో కన్నుమూశారు. ఆ స్థానానికి 2021 ఏప్రిల్ 17న ఉప ఎన్నిక జరిగింది. అందులోని సర్వేపల్లి, గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట అసెంబ్లీ స్థానాలు అప్పట్లో మన జిల్లావే. కొవిడ్ బారిన పడి పోయిన మనిషి సీటు కోసం, రెండో వేవ్ ముంచుకొస్తుంటే, అన్ని పార్టీల వాళ్లూ ఊరూరా జనాన్ని పోగేశారు. అప్పటి ముఖ్యమంత్రి జగన్ తన సభను రద్దు చేసుకున్నారు, అంతవరకు మంచిదే. మిగతా ప్రచారం ఆగిందా? మరుసటి నెలలో ఆక్సిజన్ బెడ్డు కోసం ఎవరెవరి కాళ్లు పట్టుకోవాల్సి వచ్చిందో ఈ జిల్లాలో ఇంటికొక కథ ఉంది. మే 21న కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే కొవిడ్ నాటుమందు కోసం జనం విరగబడితే పంపిణీయే ఆపేయాల్సి వచ్చింది. ఆ మందు మంచిచెడ్డల సంగతి ఇక్కడ అప్రస్తుతం. అంబులెన్సుల్లో ఆక్సిజన్‌తో వచ్చిన రోగులూ, ఆరోగ్యంగా ఉన్నవాళ్లూ ఒకే తోపులాటలో నలిగారు. అంత జనం పోగయ్యే దాకా ఆపినవాళ్లెవరు?

దీనికి ముందే, 2020లో బారాషహీద్ దర్గా రొట్టెల పండగను వద్దన్నారు. ఎక్కడెక్కడి నుంచో లక్షల మంది వచ్చే పండగ అది. అది జరిగే స్వర్ణాల చెరువు బోసిపోయినా ఎవరూ గొడవ చేయలేదు. నెల్లూరు జనానికి చెబితే వింటారు అనడానికి అంతకంటే రుజువేం కావాలి? సంక్రాంతికి గొబ్బెమ్మలతో పెన్న ఒడ్డుకు వెళ్లడమూ మనకు ఆనవాయితీయే. ఇళ్లలోనే ఉండండి అని సూటిగా చెప్పి ఉంటే ఈసారీ చాలామంది వినేవాళ్లు. పండగకు ప్రజలు సిద్ధపడ్డ త్యాగాన్ని వద్దని చెప్పింది ప్రభుత్వమే. ఎందుకు? ఓటర్లు నొచ్చుకుంటారనా?

నిబంధన ఒకసారి ఎవరికోసమో పక్కకు జరిగితే మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఇవాళ సంక్రాంతి, రేపు ఒక జాతర, ఎల్లుండి ఒక ఉప ఎన్నిక. ప్రతి ఒక్కరూ మాకూ ఒక వారం ఇవ్వండి అని అడుగుతారు. ఇవ్వం అనడానికి ఏ మొహం ఉంది? పీఆర్సీ (వేతన సవరణ) మీద మండిపడుతున్న ఉపాధ్యాయులు ఈ రోజు, 20న, కలెక్టరేట్ల ముట్టడికి పిలుపునిచ్చారు. 200 మంది నిబంధన ఇప్పుడు పోలీసులకు టక్కున గుర్తుకొస్తుందని మా అనుమానం. గుర్తుకు రావాల్సిందే, తప్పులేదు. సంఘాల నాయకులూ మాస్కులు వేసుకోవాలి, ఎడం పాటించాలి. కానీ మొన్న మర్చిపోయి ఇవాళ గుర్తు తెచ్చుకుంటే దాన్ని ఆరోగ్య జాగ్రత్త అంటే ఎవరు నమ్ముతారు?

ఒమిక్రాన్ తేలికే అనుకునేవాళ్లు ఒక్క విషయం ఆలోచించాలి. వందమందిలో ఆసుపత్రికి వెళ్లేవాళ్లు తగ్గారు, కానీ ఆ వందలు వేలవుతున్నాయి. డాక్టర్లు, నర్సులు కూడా జ్వరాలతో పడిపోతే బెడ్లు ఖాళీగా ఉన్నా చూసేవాళ్లుండరు. మెడికల్ షాపులో డోలో 650 స్ట్రిప్పు, ఇంట్లోనే పరీక్ష చేసుకునే కిట్టు కొనుక్కుని గప్‌చుప్‌గా ఉండిపోయేవాళ్ల లెక్క ఏ బులెటిన్‌లోనూ రాదు. పాజిటివ్ వస్తే ఏడు రోజులు విడిగా ఉండమన్నారు. చీమకుర్తి క్వారీల్లో ఒక్కో షెడ్డులో పదేసి మంది పడుకునే కూలీలు, కందుకూరు వైపు పొగాకు బ్యారన్ల దగ్గర రాత్రింబవళ్లు పనిచేసేవాళ్లు, ఒకే గదిలో ఆరుగురు ఉండే కుటుంబాలు ఎక్కడ విడిగా ఉండాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన అధికారి మాకింకా కనబడలేదు. కొవిడ్ కేర్ సెంటర్లు తెరవండి, తిండి పెట్టండి, పోయిన కూలికి ఏదో ఒకటి చెల్లించండి. అరవై దాటి జబ్బులున్నవాళ్లకు టీకా మూడో డోసు (ప్రికాషన్ డోసు) ఈ నెల 10 నుంచి మొదలైంది. గ్రామ, వార్డు సచివాలయం దాకా నడవలేని ముసలివాళ్ల ఇంటికి ఏఎన్ఎం నర్సును పంపండి. 17న బడులు తెరిచారు కాబట్టి 15 ఏళ్లు దాటిన పిల్లలకు బడిలోనే సూది వేయించండి. 2020లో చేసినట్టే కూరగాయల మార్కెట్లను మైదానాల్లోకి మార్చండి. వీటిలో ఏ ఒక్కదానికీ అర్ధరాత్రి కర్ఫ్యూ అక్కర్లేదు.

వారం రోజుల్లో రిపబ్లిక్ డే వస్తోంది. వేదికల మీద కూర్చునే మంత్రులు, ఎమ్మెల్యేలు, అధికారులు ఫొటో కోసం మాస్కు కిందకు లాగడం మానండి. మాస్కు లేని మనిషిని దుకాణంలోకి రానిస్తే యజమానికి పదివేలు మొదలుకొని జరిమానా వేస్తామన్నారుగా? మాస్కు లేని జనాన్ని లారీల్లో సభకు తోలించిన నాయకుడికి ఎంత వేస్తారో అదే నోట చెప్పండి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎస్పీలూ ఈ వారం చలానా పుస్తకాలు తెప్పించుకుని చూడాలి. ఆటోవాళ్లు, కూలీలు, సోడా బండివాళ్లు కాకుండా ఒక్క కార్పొరేటరు పేరైనా అందులో ఉంటే ఫొటో తీసి మాకు పంపండి, మొదటి పేజీలో వేస్తాం.