సవరణ: రాటర్‌డామ్‌లో పాత వరుస ఇల్లు, పునాది తనిఖీ

నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో వందేళ్ల నాటి వరుస ఇల్లు కొనడం గురించి పోయిన వారం రాస్తూ, ‘కొనేముందు తనిఖీ చేయిస్తే పునాది టెన్షన్ తీరినట్టే’ అన్నాను. ఆ మాట పక్కనపెట్టి ఇది చదవండి.

మామూలు తనిఖీలో కంటికి కనిపించేవే చూస్తారు: పైకప్పు, తేమ, కరెంటు. నేల తవ్వరు. అక్కడి పాత ఇళ్లు చాలావరకు మెత్తటి నేలలో దిగ్గొట్టిన చెక్క దుంగల మీద నిలబడి ఉన్నాయి. భూగర్భ జలం దిగిపోయి దుంగ తల నీళ్లలోంచి బయటపడితే, గాలి తగిలి కుళ్లడం మొదలవుతుంది. ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా పాకిన పగులు, ఒకవైపు వాలిన కిటికీ చట్రం, అడుగున ఏటవాలుగా కోసి సరిచేసిన తలుపు కనిపిస్తే పునాదికి విడిగా పరీక్ష చేయించాల్సిందే. గొయ్యి తవ్వి దుంగను చూస్తేనే సంగతి తేలుతుంది. పక్కిళ్లతో గోడలు ఉమ్మడి కాబట్టి మరమ్మతు కూడా తరచూ నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి చేయించుకోవాల్సి వస్తుంది. అందుకే ఇరుగుపొరుగును తప్పకుండా అడగండి, నగరపాలక సంస్థ దగ్గరున్న పాత రికార్డులూ చూడండి.

సంతకాలైన కొనుగోలు ఒప్పందం కాపీ చేతికొచ్చాక కొనేవారికి వెనక్కి తగ్గడానికి ఉండే 3 రోజుల్లో ఇదంతా అవ్వదు. పునాది పరీక్ష షరతును సంతకానికి ముందే ఒప్పందంలో రాయించుకోండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే, నేనైతే ఆ ఇల్లు వదిలేస్తాను.