మా బావమరిది ఆడే ఆటలు

మా బావమరిదికి చెన్నైలో క్లబ్బు సభ్యత్వం వచ్చింది. పెళ్లికి ముందు దరఖాస్తు పెట్టుకున్నాడు. కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడులో ఉండగా పిలుపొచ్చింది. అన్నానగర్‌లో చుట్టాలంతా ఫోన్లు చేసి అభినందించారు. నెల్లూరు నుంచి మా అత్తగారు మాత్రం "జీతం ఎంతరా?" అని అడిగారు. జీతం వాళ్లివ్వరు, నెలనెలా మనమే కట్టాలని చెబితే ఆవిడ ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు.

ఇది తేలిగ్గా తీసిపారేసే సంగతి కాదు. మద్రాస్ క్లబ్ పుట్టింది 1832లో, మద్రాస్ క్రికెట్ క్లబ్ 1846లో. రాయపురం స్టేషన్ నుంచి తొలి రైలు బయల్దేరింది 1856లో. ఊరు కదలక ముందే దొరలు కూర్చోవడానికి ఏర్పాట్లు చూసుకున్నారన్నమాట. తర్వాత 1884లో జింఖానా క్లబ్బు వచ్చింది. ఊరికే కూర్చోవడం కూడా వృథా పోలేదు. 1875లో జబల్పూర్‌లో తోచక బిలియర్డ్స్ బల్ల చుట్టూ తిరుగుతున్న సైనికాధికారులు స్నూకర్ కనిపెట్టారు. 1882లో ఊటీ క్లబ్బు దానికి నియమాలు రాసింది. మన ఇంట్లో అబ్బాయి తోచక అటూ ఇటూ తిరిగితే మాత్రం కరెంటు బిల్లు కట్టి రమ్మంటాం. మన దేశం వెనకబడడానికి ఇదీ ఒక కారణం.

మొన్న ఆదివారం నన్ను భోజనానికి పిలిచాడు. నేను మామూలుగా చెప్పులేసుకుని వెళ్లాను. గేటు దగ్గర ఆపేశారు.

ఇక్కడ కొంచెం న్యాయశాస్త్రం అవసరం. 2014లో పంచె కట్టుకొచ్చిన ఒక హైకోర్టు న్యాయమూర్తిని చేపాక్‌లోని క్లబ్బులోకి రానివ్వలేదు. ఆ ఏడే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. పంచె కట్టుకున్నాడని ఎవరినైనా ఆపితే ఏడాది వరకు జైలు, పాతిక వేల జరిమానా. గేటు దగ్గర మనిషికి ఇదంతా కంఠస్థం. "పంచెతో రండి సార్, చట్టం ఉంది. చెప్పులకు ఇంకా రాలేదు" అన్నాడు వినయంగా.

చివరికి మా బావమరిది డ్రైవర్ తన బూట్లు విప్పి నాకిచ్చాడు. నా చెప్పులు అతను వేసుకున్నాడు. బూట్లు ఒక వేలెడు పెద్దవి. అలా టకటకమంటూ నేను ఉన్నత సమాజంలోకి అడుగుపెట్టాను.

లోపల అన్ని ఆటలూ ఉన్నాయి. టెన్నిస్ కోర్టులో మార్కర్, అంటే సభ్యులతో ఆడడానికి పెట్టుకున్న మనిషి, ఒక్కడే గోడతో ఆడుకుంటున్నాడు, గోడే గెలుస్తోంది. ఈతకొలనులో నీళ్లు ఉన్నాయి. స్క్వాష్ కోర్టుకు తాళం. జనమంతా ఎక్కడున్నారో కార్డ్ రూమ్ తలుపు తీశాక తెలిసింది. అక్కడ క్రీడాస్ఫూర్తి పొంగి పొర్లుతోంది. రమ్మీలో జోకర్ పడక ఫుల్ కౌంట్ ఇచ్చుకున్న ఒక పెద్దాయన ముఖంలో నేను ఒలింపిక్స్‌లో కూడా చూడని విషాదం చూశాను.

ఇంకో ఆట సంతకం. అక్కడ డబ్బు చేత్తో ముట్టుకోరు. బేరర్ బిల్లు చిట్ తెస్తాడు, సభ్యుడు చూడకుండా సంతకం పెడతాడు. ఎంత చూడకుండా పెడితే అంత హోదా. ఈ విద్యలో మహామహులున్నారు. బెంగళూరు క్లబ్బు పాత లెడ్జర్‌లో విన్‌స్టన్ చర్చిల్ పేరు మీద 13 రూపాయల బాకీ ఇప్పటికీ అలాగే ఉంది. దాన్ని వాళ్లు భద్రంగా దాచి అతిథులకు చూపించుకుంటారు. మా వీధి కిరాణా కొట్టాయన కూడా నా బాకీ గోడ మీద రాసి అందరికీ చూపిస్తానన్నాడు కానీ, ఆయన ఉద్దేశం వేరు.

భోజనాల దగ్గర మా బావమరిది ఛాతీ విరిచి, "ఈ ఊరి క్రికెట్ మనవాళ్ల చలవే బావా" అన్నాడు. ఈ ఒక్క మాటలో అతను అబద్ధమాడలేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మద్రాస్ క్రికెట్ క్లబ్బులో దొరలు పెవిలియన్‌లో భోంచేస్తుంటే, ఆడడానికి వచ్చిన మనవాళ్లు చెట్టు కింద తినాల్సి వచ్చేదట. మైలాపూర్ లజ్ ప్రాంతపు తెలుగు ఇంట్లో జమీందారీ దర్జాలో పెరిగిన బుచ్చిబాబు నాయుడికి ఇది నచ్చలేదు. కలిగిన ఇల్లు కాబట్టి నొచ్చుకుని ఊరుకోలేదు, 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడు. కుర్రాళ్లను పోగుచేసి బ్యాట్లు, బంతులు కొనిచ్చి ఆడించాడు. దొరల జట్టుతో మన జట్టు సమానంగా తలపడాలని పట్టుబట్టాడు. 1908లో ఆ ప్రెసిడెన్సీ మ్యాచ్ ఖాయమైంది కానీ, చూడకుండానే పోయాడు. మరుసటి ఏడు మొదలైన టోర్నమెంటు ఇప్పటికీ ఆయన పేరు మీదే నడుస్తోంది.

ఆయన కొడుకు కోటా రామస్వామి. తాతగారికి దత్తు వెళ్లడంతో ఇంటిపేరు మారింది. 1922లో డేవిస్ కప్‌లో దేశం తరఫున టెన్నిస్ ఆడాడు. 1936లో మాంచెస్టర్‌లో తొలి క్రికెట్ టెస్టు ఆడాడు, నలభై నిండాక. ఈ మాట వినగానే మా బావమరిది కళ్లు మెరిశాయి. అతనూ నలభై దాటాకే అరంగేట్రం చేశాడు, కార్డ్ రూమ్‌లో.

"ఆ బుచ్చిబాబు గారే లేకపోతే మనం ఇవాళ ఎక్కడ కూర్చుని తినేవాళ్లం చెప్పు" అన్నాడు, రెండోసారి పెరుగు వడ్డించుకుంటూ.

నాకు బూట్లు గుర్తొచ్చాయి. డ్రైవర్ భోజనం సంగతేమిటని అడిగాను.

"వాళ్లు లోపల తినే రూలు లేదు బావా. క్యారియర్ తెచ్చుకుంటాడు. బయట ఆ వేపచెట్టు కింద నీడ బ్రహ్మాండంగా ఉంటుంది."

చిట్ వచ్చింది. చూడకుండా సంతకం పెట్టాడు.

బయటికొచ్చేసరికి డ్రైవర్ చెట్టు మొదట్లో కూర్చుని క్యారియర్ గిన్నెలు కడుక్కుంటున్నాడు. నన్ను చూసి లేచి, నా చెప్పులు విప్పి, దులిపి ముందు పెట్టాడు. నేను బూట్లు విప్పిచ్చాను.

"లోపల ఏం ఆడారు సార్?" అన్నాడు లేసులు కట్టుకుంటూ.

"భోంచేశాం" అన్నాను.